శవం దొరికినా కథకి తొందరెందుకు లేదు?

పాత కాలంలో జరిగే నేరపరిశోధన నవలల గురించి ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. కొందరు మెచ్చుకుంటూ రాశారు, ఎక్కువమంది విసుక్కుంటూ రాశారు. ఈ రకం నవలలంటే నాకు ప్రాణం కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: థ్రిల్లర్ మొదలుపెడితే ఆ రాత్రే ముగించే అలవాటు నాది. స్నేహితురాలి బలవంతం మీద ఐదువందల పేజీల చారిత్రక మిస్టరీ ఒకటి తీసుకున్నాను. ఇరవయ్యో పేజీలో శవం దొరికింది. బాగుందే అనుకున్నాను. ఆ తర్వాత వంద పేజీలు దాటినా ఎవరూ ఎవరినీ తరమలేదు. అద్దకంవాళ్లు నీళ్లు మోస్తారు, గుమాస్తా లెక్కలు రాస్తాడు, నేరం కనిపెట్టాల్సిన మనిషి మధ్యాహ్నం పడుకుని నిద్రపోతాడు. జనం ఇందులో ఏం చూసి ఆనందిస్తున్నారో దయచేసి చెప్పండి. — ఒక ఐటీ ఉద్యోగిని

జవాబు: ఆ గుమాస్తా లెక్కల్ని శ్రద్ధగా చదివారా? వీలైతే ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. ఆ పుస్తకం ఏదో మీరు రాయలేదు కానీ, ఈ రకం నవలలో లెక్కల పుస్తకం ఊరికే తెరుచుకోదు.

వేలిముద్రలు, రక్తపరీక్ష, కెమెరా, ఫోన్ లొకేషన్ ఇవేవీ లేని కాలంలో నేరం కనిపెట్టాలనుకున్న మనిషి చేతిలో ఏముంటుంది? ఆ చోట రోజూ ఏం జరుగుతుందో తెలియడం ఒక్కటే ఉంటుంది. నీళ్లు ఏ వేళకి మోస్తారో తెలిస్తేనే ఆ రోజు ఆ వేళకి నీళ్లెందుకు రాలేదన్న ప్రశ్న పుడుతుంది. గుమాస్తా ఏ సిరాతో రాస్తాడో తెలిస్తేనే ఒక పద్దు వేరే సిరాలో ఉండడం కంటికి తగులుతుంది. మీకు విసుగనిపించిన ఆ వంద పేజీలూ మీకు ఆ ఊరి మామూలు రోజుని నేర్పిస్తున్నాయి. మామూలు రోజు తెలియనివాళ్లకి తేడా కనపడదు. ఈ నవలల్లో సాక్ష్యం అంటే ఆ తేడానే.

ఇది నాకు ఉద్యోగంలో తెలిసొచ్చింది. కోర్టు రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పాత సెషన్స్ కేసుల కట్టలు విప్పడం, చిరుగుపట్టిన కాగితాలు వేరుచేయించి అతికించడం, మళ్లీ వరసలో కట్టడం నా పని. సాక్షుల వాంగ్మూలాలు చదవకుండా ఉండలేకపోయేదాన్ని. హత్య జరిగిన క్షణం గురించి రెండు మూడు వాక్యాలకి మించి ఉండేవి కావు. ఎందుకంటే చూసినవాళ్లే ఉండరు. మిగిలిన పేజీలన్నీ దీపం ఏ గూట్లో పెట్టారు, తలుపు గడియ లోపల వేసి ఉందా బయట వేసి ఉందా, పొద్దున అందరికంటే ముందు లేచేదెవరు, పశువుల్ని కట్టేసిందెవరు అన్న ప్రశ్నలే. లాయర్లు వాటినే తిప్పి తిప్పి అడిగేవాళ్లు. ఒక మనిషికి శిక్ష పడడమో, విడుదల కావడమో గడియ దగ్గరే తేలిపోయేది. మంచి చారిత్రక మిస్టరీ చదువుతుంటే నాకు ఆ కట్టలే గుర్తొస్తాయి.

ఒక పాత కేసు చెబుతాను. చైనాలో సోంగ్ త్సి అనే న్యాయాధికారి 1247లో శవపరీక్ష మీద అధికారుల కోసం ఒక పుస్తకం రాశాడు. అందులో ఉన్న సంగతి ఇది. దారి పక్కన ఒకతని శవం పడి ఉంది, ఒంటినిండా కొడవలి గాట్లు. వస్తువులు ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి దొంగల పని కాదు. విచారణాధికారి మృతుడి భార్యని పిలిచి, ఈ మధ్య ఎవరితోనైనా తగాదా వచ్చిందా అని అడిగాడు. తగాదా ఏమీ లేదు, ఒకతను అప్పు అడిగితే ఇవ్వలేదంతే అని ఆమె చెప్పింది. చుట్టుపక్కల ఇళ్లలో ఉన్న కొడవళ్లన్నీ తెప్పించి నేల మీద పరిపించాడు. ఎండాకాలం. వాటిలో ఒక్క కొడవలి మీదే ఈగలు ముసిరాయి. అది అప్పడిగిన మనిషిది. కడిగినా రక్తం వాసన పోలేదు.

దీన్ని నేను పది వాక్యాల్లోపే చెప్పేశాను. మీకు ఆసక్తిగానే ఉండి ఉంటుంది, కానీ గుండె ఝల్లుమనలేదు కదా. అదే నవలలో అయితే ఆ ఊళ్లో కోతలెప్పుడో, ఎవరు ఎవరి దగ్గర అప్పు తీసుకుంటారో, అప్పు లేదనిపించుకోవడం ఎంత అవమానమో, తన కొడవలి పక్కవాడికి ఇవ్వడానికి కూడా ఇష్టపడని మనుషులెవరో ముందే మీకు తెలిసి ఉంటుంది. కొడవళ్లు పరిచేసరికి ఒక్కొక్కటి ఎవరిదో మీరు గుర్తుపడతారు. మొదటి ఈగ వాలేటప్పుడు మీకు ఇష్టమైన మనిషి కొడవలి మీద వాలకూడదని కోరుకుంటారు. ఆ టెన్షన్ కోసమే ఆ వంద పేజీలు.

ఉంబెర్తో ఎకో 1980లో వెలువరించిన 'ద నేమ్ ఆఫ్ ద రోజ్' 1327లో ఒక ఇటాలియన్ మఠంలో ఏడు రోజుల పాటు జరిగే హత్యల కథ. అచ్చుకి ముందు చదివిన మిత్రులు, సంపాదకులు మొదటి వంద పేజీలూ కుదించమని ఆయనకి సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ మఠంలో అడుగుపెట్టి ఏడు రోజులు ఉండాలనుకున్నవాళ్లు మఠం నడకకి అలవాటుపడాలి, అది చేతకానివాళ్లు మొత్తం పుస్తకం ఎలాగూ చదవలేరు అన్నాడు. ఆయన మాట కాస్త కఠినంగా ఉన్నా, నేను ఆయన పక్షమే.

మీ పుస్తకం కూడా ఇంకో యాభై పేజీలు చదవండి. ఈసారి హంతకుడి కోసం వెతక్కండి. ఆ అద్దకం చోట మీరే పనికి చేరారనుకుని, ఎవరి పని ఏమిటో తెలుసుకోవడానికి చదవండి.

ప్రశ్న: పాత్రలు ముప్పైకి తక్కువుండవు. ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక బిరుదు, ఇంట్లోవాళ్లు పిలిచే పేరు ఇంకోటి. ఎవరు ఎవరో గుర్తుండడం లేదు. — ఒక పాఠకుడు

జవాబు: పుస్తకంలో ఒక తెల్లకాగితం మడిచి పెట్టుకోండి. నేను ఎప్పుడూ అలాగే చదువుతాను, చదవడం అయిపోయాక కూడా ఆ కాగితాన్ని అందులోనే ఉంచేస్తాను. పేర్లు వరసగా రాసుకుంటే లాభం లేదు. పేరు పక్కన ఆ మనిషి ఏం పని చేస్తాడు, ఎవరింట్లో ఉంటాడు, ఎవరికి బాకీ, ఎవరికి భయపడతాడు అన్నది రాయండి. పేరు మర్చిపోయినా బాకీ గుర్తుంటుంది. ముందు పేజీల్లో మ్యాప్ ఉంటే దానికి ఒక గుర్తు పెట్టుకుని, ఎవరైనా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లిన ప్రతిసారీ వేలు పెట్టి ఆ దారి చూడండి.

ఒక్క పని మాత్రం చేయకండి. చదువుతూ మధ్యలో పాత్రల పేర్లు ఇంటర్నెట్‌లో వెతకొద్దు. కథలో ఉన్నది నిజంగా చరిత్రలో ఉన్న మనిషైతే, ఎప్పుడు ఎలా చచ్చిపోయాడో మొదటి లైన్లోనే కనిపిస్తుంది.

ప్రశ్న: నేను చదివే మిస్టరీ చూసి మా అబ్బాయి నవ్వుతున్నాడు. "కెమెరా ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే కేసు నాన్నా, దానికి ఇన్ని పేజీలా?" అంటాడు. వాడికి ఏం చెప్పాలి? — ఒక రిటైర్డ్ ఇంజినీరు

జవాబు: అబ్బాయికి టెక్నాలజీ అంటే ఇష్టం ఉన్నట్టుంది. అయితే అదే దారిలో చెప్పండి. పాత కాలంలో టెక్నాలజీ లేదని మనం అనుకుంటాం. నిజానికి ప్రతి కాలంలోనూ అప్పుడే వచ్చిన కొత్త వస్తువు ఒకటి ఉంటుంది. దాని శక్తి ఎంతో నేరస్తుడికి తెలియదు, పట్టుకునేవాడికీ పూర్తిగా తెలియదు. ఈ నవలల మజా అంతా ఆ సందులో ఉంది.

1845 జనవరి 1న ఇంగ్లండులో స్లౌ దగ్గర జాన్ టావెల్ అనే అతను ఒక స్త్రీకి విషమిచ్చి చంపి, లండన్ వెళ్లే రైలెక్కేశాడు. అప్పట్లో రైలుని మించిన వేగం ఏదీ లేదని జనం అనుకునేవాళ్లు. రైలెక్కితే తప్పించుకున్నట్టే. కానీ స్లౌ నుంచి లండన్ పాడింగ్టన్ స్టేషన్ దాకా కొత్తగా టెలిగ్రాఫ్ తీగ వేసి ఉంది. అతను క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల తరహా పొడవాటి ముదురు రంగు కోటు వేసుకున్నాడని కబురు పంపాలి. ఇంగ్లీషులో క్వేకర్ అన్న మాట క్యూతో మొదలవుతుంది, ఆ యంత్రంలో క్యూ అక్షరమే లేదు. అందుకని ఆపరేటరు కె, డబ్ల్యూ పెట్టి ఆ మాట పంపాడు. అవతల అందుకున్నతనికి మొదట అర్థం కాలేదు, మళ్లీ పంపించుకున్నాడు. చివరికి అర్థమైంది. రైలు దిగిన టావెల్ వెనకే ఒక పోలీసు సార్జెంటు వెళ్లి అతను ఎక్కడ బస చేశాడో చూసుకొచ్చాడు, మర్నాడు అరెస్టు చేశారు. ఒక అక్షరం లేకపోవడం వల్ల ఆ కబురు ఆగిపోయి ఉంటే? ఆ కొద్ది నిమిషాల మీద ఒక నవల రాయొచ్చు. మీ అబ్బాయి చెప్పే కెమెరా పది నిమిషాల్లో ఈ ఉత్కంఠ అంతా తీసేస్తుంది.

విషాల సంగతి ఇంకా బాగుంటుంది. తెల్ల ఆర్సెనిక్‌కి రుచి దాదాపు ఉండదు. తిన్నవాళ్లకి వాంతులు, విరేచనాలు అవుతాయి. కలరా ఇంటింటా ఉన్న రోజుల్లో ఏ డాక్టరూ అనుమానపడడు. శరీరంలో ఆర్సెనిక్ కొద్దిగా ఉన్నా బయటపెట్టగల పరీక్షని జేమ్స్ మార్ష్ 1836లో ప్రకటించాడు. నాలుగేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో మారీ లఫార్జ్ అనే యువతి మీద, భర్తకి విషం పెట్టిందని కేసు నడిచినప్పుడు నిపుణులు ఒకరికొకరు పొంతన లేని ఫలితాలు చెప్పారు. చివరికి ఓర్ఫిలా అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త వచ్చి శవంలో ఆర్సెనిక్ ఉందని తేల్చాడు. పరీక్ష ఉన్నంత మాత్రాన సరిపోలేదు, దాన్ని సరిగ్గా చేయగల చేయి కావాల్సి వచ్చింది. ఇంగ్లండులో 1851లో చట్టం తెచ్చి, ఆర్సెనిక్ కొన్నవాళ్ల వివరాలు దుకాణందారు పుస్తకంలో రాయాలన్నారు. కొన్న మనిషి దుకాణందారుకి తెలియకపోతే తెలిసిన సాక్షి ఒకరు ఉండాలన్నారు. చిన్న మొత్తంలో అమ్మేదానికి మసి గానీ నీలిమందు గానీ కలపాలన్నారు. ఇప్పుడు 1853లో జరిగే కథలో గిన్నె అడుగున లేత నీలిరంగు కనబడిందని ఒక పనిపిల్ల ఊరికే మాటవరసకి అంటే, చదివేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుందా లేదా? ఆ నీలిరంగు సంగతి ముందు ఏదో దుకాణం దృశ్యంలో నిదానంగా చెప్పి ఉండాలి. అప్పుడే జలదరిస్తుంది.

చొక్కా మీది మరక మనిషి రక్తమా, జంతువుదా అన్నది నమ్మకంగా చెప్పే పరీక్ష 1901 దాకా లేదు. పొద్దున మేకని కోశాను అంటే సరిపోయేది. నిజంగా కోశాడో లేదో ఇల్లిల్లూ తిరిగి అడిగి తెలుసుకోవాలి. వేలిముద్రతో హత్యకేసు తేలడం మొదటిసారి 1892లో అర్జెంటీనాలో జరిగింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు, స్కాట్లాండ్ యార్డ్‌లో పెట్టింది ఆ తర్వాత నాలుగేళ్లకి. కలకత్తాలో వేలిముద్రల్ని వర్గీకరించిన పద్ధతి వెనక లెక్క తేల్చినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్‌ఇన్‌స్పెక్టర్లు. పద్ధతికి మాత్రం పై అధికారి హెన్రీ పేరు పెట్టారు. ఈ ఇద్దరి గురించి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: సగంలోనే హంతకుడెవరో తెలిసిపోతే మిగతా సగం ఎందుకు చదవాలి? నేనైతే చివరి పేజీ చూసేసి మూసేస్తాను. — ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: చివరి పేజీ చూసినా ఫరవాలేదమ్మా, మూసేయకు. ఎవరన్నది తెలియగానే కథ అయిపోవడం ఇప్పటి కాలం నవలల లక్షణం. పాత కాలంలో హంతకుణ్ణి కనిపెట్టాక అసలు చిక్కు మొదలవుతుంది. అతన్ని ఏ కోర్టు విచారిస్తుంది? ఎవరి మాట సాక్ష్యంగా తీసుకుంటారు? పనిమనిషి మాట జమీందారు మీద చెల్లుతుందా?

మధ్యయుగ ఇంగ్లండులో చర్చికి చెందినవాళ్లు నేరం చేస్తే రాజుగారి కోర్టు ఉరి వేయలేకపోయేది, చర్చి కోర్టుకి అప్పగించాల్సిందే. పోనుపోను చదవడం వచ్చినవాణ్ణి చర్చి మనిషి కిందే లెక్కవేయడం మొదలైంది. బైబిల్లోని 51వ కీర్తనలో ఒక వాక్యం ఇచ్చి చదవమనేవాళ్లు. చదివితే మెడ దక్కేది. తర్వాత హత్యలాంటి నేరాలకి ఆ వెసులుబాటు తీసేస్తూ వచ్చారు, మొత్తంగా రద్దయింది 1827లో. ఇది తెలిశాక 1400 ప్రాంతంలో జరిగే ఒక నవలలో అక్షరం ముక్క రాని మొరటు మనిషి రాత్రిపూట ఒక కీర్తన బట్టీ పడుతుంటే నీకేం అనిపిస్తుంది? హంతకుడెవరో నీకు అప్పుడే తెలిసిపోయింది. అయినా పుస్తకం మూయగలవా?

ప్రశ్న: ఆడియోలో వింటే చదివినట్టేనా? — ఒక గృహిణి

జవాబు: చదివినట్టే. వేగం మాత్రం పెంచకండి. పేర్ల కాగితం వినేటప్పుడు ఇంకా అవసరం.

ప్రశ్న: నేను హైస్కూల్లో చరిత్ర చెబుతాను. ఈ నవలల్లో తప్పులు కనిపిస్తే కథ మీద మనసు నిలవదు. మీరు ఎలా సర్దుకుంటారు? — ఒక ఉపాధ్యాయుడు

జవాబు: వస్తువుల తప్పుల్ని నేను దాటేస్తాను. రాపిడికి అంటుకునే అగ్గిపుల్లలు అమ్మకానికి వచ్చింది 1827లో. 1790లో జరిగే కథలో ఎవరైనా అగ్గిపుల్ల గీసి కొవ్వొత్తి వెలిగిస్తే నాకు కాసేపు చిరాకు వేస్తుంది, తర్వాత మర్చిపోతాను. హత్యకి ఆ వెలుగే ఆధారమైతే మాత్రం క్షమించను. చెకుముకి కొట్టి నిప్పు రాజేయడానికి పట్టే సమయం, ఆ చప్పుడు, చీకట్లో తడుముకోవడం కథకి పనికొచ్చే సంగతులు. వాటిని వదులుకున్న రచయిత తనకి తానే అన్యాయం చేసుకున్నట్టు.

చట్టం తప్పులు నన్నూ మీలాగే బాధిస్తాయి. ఇంగ్లండులో హత్య కేసు ముద్దాయి తన తరఫున తాను ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే హక్కు 1898లో గానీ రాలేదు. 1836కి ముందు లాయరు కూడా అతని పక్షాన జ్యూరీ ముందు పూర్తి వాదన వినిపించడానికి లేదు. 1850 నాటి కథలో ముద్దాయి బోనెక్కి ప్రమాణం చేసి అడ్డుప్రశ్నలకి జవాబులిస్తుంటే ఆ కథ నాకు అక్కడే కూలిపోతుంది. నోరు విప్పలేని మనిషి చుట్టూ విచారణ నడవడంలో ఉన్న భయం మొత్తం పోతుంది కదా.

ఒక సంగతి మీకు నచ్చుతుందనుకుంటున్నాను. తప్పులా కనిపించి తప్పు కానివి కూడా ఉంటాయి. కొత్త గ్రెగోరియన్ క్యాలెండరుకి ఫ్రాన్స్ 1582లోనే మారింది. బ్రిటన్ మారింది 1752లో. ఆ ఏడాది అక్కడ సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14. అంతకుముందు 1740ల్లో పారిస్‌లో రాసిన ఉత్తరం నాలుగైదు రోజుల్లో లండన్ చేరితే, పైన వేసిన తేదీ ప్రకారం అది రాయకముందే అందినట్టు ఉంటుంది. తేడా పదకొండు రోజులు. అలాగే రైళ్లు వచ్చే దాకా ఏ ఊరి గడియారం ఆ ఊరి సూర్యుణ్ణి బట్టే నడిచేది. బ్రిస్టల్ గడియారం లండన్ కంటే సుమారు పది నిమిషాలు వెనక. దేశమంతా ఒకే సమయం అని బ్రిటన్ చట్టం చేసింది 1880లో. ఒకడు ఆ వేళకి నేను వేరే ఊళ్లో ఉన్నానని గడియారం చూసి చెబితే, ఏ గడియారం అని అడగాలి. పిల్లలకి క్యాలెండరు పాఠం చెప్పేటప్పుడు ఈ ఉత్తరం చిక్కు ఇచ్చి చూడండి.

నేను అసలు ఒప్పుకోలేనిది మనసుల తప్పు. ఎనిమిదివందల ఏళ్ల కిందటి మనిషి దేవుణ్ణి, దెయ్యాన్ని, రాజుని మన లాగే తేలిగ్గా తీసిపారేస్తే అక్కడ చరిత్ర లేదు, వేషాలే ఉన్నాయి. ఒట్టు వేసి అబద్ధం చెబితే నరకానికి పోతానని నిజంగా వణికిపోయే సాక్షి ఉన్నప్పుడే, ఆ సాక్షి అబద్ధం చెప్పిన చోట కథకి బరువు వస్తుంది.

ప్రశ్న: నిదానంగా నడిచే పుస్తకానికీ సాగదీసిన పుస్తకానికీ తేడా ఎలా తెలుస్తుంది? ఎన్ని పేజీల దాకా ఓపిక పట్టాలి? — ఒక లైబ్రరీ సభ్యురాలు

జవాబు: మంచి ప్రశ్న, నన్ను నేనూ అడుక్కునే ప్రశ్న. పేజీల లెక్క చెప్పలేను. నేను చూసే గుర్తులు చెబుతాను.

నిదానపు దృశ్యం ఒకటి పూర్తవగానే, ఎవరో ఒకరి మీద నా అభిప్రాయం కొంచెమైనా మారిందా అని చూసుకుంటాను. సంత వర్ణన నాలుగు పేజీలు ఉన్నా, ఆ సంతలో ధర్మాత్ముడనుకున్న వర్తకుడు తూకం దగ్గర వేలు ఆనించడం కనపడితే ఆ నాలుగు పేజీలూ నాకు కావాలి. సంత రంగులూ వాసనలూ తప్ప ఇంకేం మిగలకపోతే, అలాంటివి వరసగా మూడు నాలుగు వస్తే, రచయిత తను సేకరించిన సమాచారం పారేయలేక మన నెత్తిన పెడుతున్నట్టే.

ఇంకో గుర్తు మాటల్లో దొరుకుతుంది. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారా? "నీకు తెలుసుగా, మన రాజుగారు గద్దెనెక్కి మూడేళ్లయింది" అని అన్న తమ్ముడితో అంటే నాకు నమ్మకం సడలిపోతుంది. ఆ మాట తమ్ముడి కోసం కాదు, మన కోసం. బాగా రాసేవాళ్లు అదే సంగతిని కొత్త నాణెం మీది ముఖం చూసి ఎవరో గొణుక్కున్నట్టు చెప్పేస్తారు.

ముందు వచ్చిన చిన్న వస్తువు ఏదైనా తిరిగి వస్తోందా అన్నది కూడా చూడండి. సగం దాటినా ఏదీ తిరిగి రాకపోతే పుస్తకం లైబ్రరీకి ఇచ్చేయండి. అందులో మొహమాటం అక్కర్లేదు. మీ సాయంత్రాలు మీవి.

ప్రశ్న: పని ఒత్తిడితో రాత్రి పది పేజీలు చదివేసరికి నిద్రొస్తుంది. మర్నాటికి సగం మర్చిపోతాను. సెలవులు వచ్చేదాకా ఆగి ఒకేసారి చదవడం మంచిదా? — ఒక నర్సు

జవాబు: ఆగొద్దు. విల్కీ కాలిన్స్ నవల 'ద మూన్‌స్టోన్' 1868 జనవరి నుంచి ఆగస్టు దాకా ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మొదటిసారి చదివినవాళ్లు వజ్రం ఎలా మాయమైందో తెలుసుకోవడానికి ఏడు నెలలు ఆగారు. వారంలో మిగతా ఆరు రోజులూ వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేవాళ్లు, అనుమానపడేవాళ్లు, పందేలు కాసేవాళ్లు. ఈ రకం కథలకి ఆ మధ్య ఖాళీ చాలా మేలు చేస్తుంది. డ్యూటీలో ఉండగా, బస్సులో ఉండగా, ఆ గుమాస్తా ఎందుకలా అన్నాడని హఠాత్తుగా తోస్తుంది చూడండి, ఒకేసారి చదివేసేవాళ్లకి ఆ సుఖం దొరకదు.

మర్చిపోతానన్న బెంగకి ఒక ఉపాయం. పుస్తకం మూసేముందు కాగితం మీద ఒక్క ప్రశ్న రాసుకోండి. ఏం జరిగిందో రాయొద్దు, మీకు ఏది తేలలేదో రాయండి. "ఆమె చేతి కట్టు ఏ చేతికి ఉంది?" లాంటిది. మర్నాడు దాన్ని చదివి మొదలుపెడితే కథ వెంటనే అందుతుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజున మాత్రం చదవకండి, పడుకోండి.

ప్రశ్న: చదివి చదివి నాకూ ఒకటి రాయాలనిపిస్తోంది. చరిత్ర పుస్తకాలు చాలా పోగుచేశాను. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక జూనియర్ లాయరు

జవాబు: రాజుల చరిత్రలు కాస్త పక్కన పెట్టి విచారణల కాగితాలు చదవండి. లాయరు కాబట్టి మీకు రుచి తెలుసు. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల వివరాలు 1674 నుంచి 1913 దాకా అచ్చయినవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దాదాపు 1,97,000 కేసులు. పనిపిల్లలు, బండివాళ్లు, బట్టలుతికేవాళ్లు, వడ్డీవ్యాపారులు వచ్చి తమ మాటల్లో చెప్పుకున్నవి. వెండి చెంచా దొంగతనం కేసులో, ఆ ఇంట్లో చెంచాలు ఎవరు లెక్కపెడతారు, రాత్రి ఎక్కడ దాస్తారు, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది అన్నది మొత్తం ఉంటుంది. ఏ చరిత్ర గ్రంథంలోనూ ఇంత వివరం దొరకదు.

మీరు రాయదలచింది వేరే దేశం, వేరే కాలం అయినా సరే, ముందు ఒక ఇరవై ముప్పై కేసులు ఇలా చదవండి. చదివేటప్పుడు నేరం గురించి నోట్సు రాసుకోకండి. సాక్షులు వేళని ఎలా చెప్పారో రాసుకోండి. చేతిలో గడియారం లేని మనుషులు, "పాలమనిషి వచ్చి వెళ్లాక", "రెండో గంట కొట్టక ముందు", "కొవ్వొత్తి సగం అయ్యేసరికి" అనే తీరులో చెబుతారు. అలాంటి మాటలు ఒక పేజీ నిండా పోగయ్యాక, వాటిలో ఏ రెండు ఒకదానికొకటి పొసగవో వెతకండి. ఆ రెండు మాటలు చెప్పిన మనుషులిద్దరినీ ఒకే ఇంట్లో పెట్టి మొదటి అధ్యాయం మొదలుపెట్టండి.